ఖాళీగా వదిలిన మూల

శుక్రవారం సాయంత్రం లోపల రాజమల్లు ముగించుకోవలసిన పనులు ఇవి.

కుడి వైపు వెనక కాపలా కాసే ఆటగాణ్ని మైదానం నడిమి గీత దాకా ముందుకు జరపాలి. వాడి వెనక పచ్చగడ్డి ఖాళీగా, రమ్మని పిలుస్తున్నట్టు కనబడాలి.

గోల్‌కీపరు కాక అందరికన్నా వెనక నిలబడే వాణ్ని గోలు ముందు నుంచి పక్కకు, తెరలో కనబడనంత దూరంలో దాచాలి.

మధ్యలో ఇద్దరిని ఊరికే అటూ ఇటూ ఉరికిస్తూ ఉండాలి. ఎదుటివాడి కన్ను వాళ్ల మీదే నిలవాలి.

ఈ అమరికను మెమరీ కార్డులో ఎవరూ ఊహించని పేరు మీద పెట్టుకోవాలి.

ఎలుక కొరికితే కత్తిరించి అతికించిన పొట్టి తీగ జాయ్‌స్టిక్‌ను ఎడమ కుర్చీ వైపు తగిలించాలి.

ట్యూబ్‌లైటు తీసేయించాలి.

పొట్టి తీగకూ ట్యూబ్‌లైటుకూ ఫుట్‌బాల్‌తో ఏం పని అని అడిగేవాళ్లు కిందటి వారం సంగతి ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. నిజామాబాద్ కోటగల్లిలో ఆత్మారాం సేటు నడిపే వీడియో గేముల దుకాణంలో హన్మాండ్లును గెలిచినవాడు లేడు. పోరగాళ్లంతా అతణ్ని ఉస్తాద్ అంటారు. రాజమల్లుకు పెద్దమ్మ కొడుకు. ఇద్దరిదీ బోధన్ రోడ్డు మీది ఎడపల్లి. చీకటి పడితే హన్మాండ్లుకు కండ్లు కనిపించవన్న సంగతి రాజమల్లుకు ఒక్కడికే తెలుసు. కిందటి వారం ఖలీల్‌వాడిలో కండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందీ అతడే. చూపు నాలుగు పక్కల నుంచీ ముడుచుకుపోతోందనీ, పట్టపగలు కూడా గొట్టంలోంచి చూసినట్టు నడిమిది మాత్రమే కనిపిస్తోందనీ, దీనికి మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి మెట్ల మీద హన్మాండ్లు తమ్ముడి చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఎవ్వల్కి చెప్పనని ఒట్టు వెయ్యి తమ్మి. సేటుకు అసలే చెప్పకు."

రాజమల్లు ఒట్టు వేశాడు. ఆ సాయంత్రమే ఆత్మారాం సేటు కబురు చెప్పాడు. బోధన్‌లో రెండో దుకాణం తెరుస్తున్నాడు. దాన్ని నడపడానికి ఆట బాగా తెలిసినవాడు కావాలి. వచ్చే శుక్రవారం అన్నదమ్ములిద్దరూ ఫుట్‌బాల్ ఆడాలి. గెలిచినవాడిదే బోధన్ దుకాణం.

అక్కడ చిక్కుపడింది కథ.

చెరుకు కొట్టడానికి హన్మాండ్లు పనికిరాడు. సీజనులో కూలీలు కోడి కూయకముందే తోటలోకి దిగుతారు, ఆ చీకట్లో కత్తి పట్టుకుంటే తన కాలే నరుక్కుంటాడు. ట్రాక్టరు నడపలేడు. లైటు వెలుగుతున్న గదిలో తెర ముందు కూర్చుని చేసే పని ఒక్కటే అతడికి మిగిలింది.

ఇక రాజమల్లు. ఇంటిల్లిపాదిలో మొదట బి.ఏ. పాసైనవాడు. పాసై మూడేళ్లయినా నౌకరీ రాలేదు. తండ్రి భీమన్న విసిగిపోయి మస్కట్‌లో తాపీ కూలీ వీసా ఒకటి కుదిర్చాడు. "దుకాణం దొరికితె ఉండు. దొర్కకుంటె వచ్చే నెల విమానం ఎక్కు. డిగ్రీ కాయితం గోడకు తలిగేసి పో," అని తేల్చి చెప్పాడు.

ఆటలో ఎదురెదురుగా కొట్లాడితే హన్మాండ్లును గెలవలేనని రాజమల్లుకు తెలుసు. ఉచ్చు పన్నాలి. ఆ ఉచ్చు ఎలా పన్నాలో నేర్పినవాడు కూడా హన్మాండ్లే.

ఇద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పటి మాట. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆడే సీజను, ఊరంతా చెరుకు. తోట కొట్టేటప్పుడు లోపల దాగిన అడవి పందులు కత్తుల చప్పుడుకు వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతూ ఆఖరి మడిలో చేరతాయి. అప్పుడు కూలీలు మూడు దిక్కులా నిలబడి డబ్బాలు కొడతారు, కేకలేస్తారు. నాలుగో దిక్కున ఒక్క మనిషి ఉండడు, ఒక్క చప్పుడుండదు. ఖాళీ ఉంది గదా అని పంది అటే ఉరుకుతుంది. గట్టు అవతల వల పరిచి, బల్లేలు పట్టుకుని జనం కింద పడుకుని ఉంటారు.

"తెల్సిందా తమ్మి?" అని ఆ రోజు గట్టు మీద కూర్చుని హన్మాండ్లు అడిగాడు. "పందిని ఎవ్వడు ఉరికించి పట్టలేడు. ఖాళీ జాగ సూపెట్టాలె. అదే అస్తది."

వీడియో గేములో కూడా ఇదే సూత్రం అని తర్వాత అతడే చెప్పాడు. ఎదుటి ఆటగాడి వెంట ఉరికే కాపలా తెలివితక్కువ కాపలా. ఒక్కొక్కడికి ఒక్కొక్క జాగ అప్పజెప్పి, ఆ జాగలోకి వచ్చినవాడినే పట్టుకోవాలి. ఒక మూల వదిలేసినట్టు కనబడాలి గాని నిజంగా వదలకూడదు.

ఆ మాటనే రాజమల్లు పట్టుకున్నాడు. పొద్దున దుకాణంలో ఎవరూ లేని వేళ వచ్చి కంప్యూటరుతో ఆడుతూ తన పదకొండుగురినీ జరిపి చూసుకున్నాడు. వెనక దాచినవాడు తెరలో కనబడడు గాని, తెర కింది అంచున మైదానం చిన్న పటం ఒకటి ఉంటుంది. అందులో ప్రతి ఆటగాడూ ఒక చుక్క. ఆ చుక్కను చూస్తే ఉచ్చు బయటపడుతుంది. మామూలుగా ఆడేవాడు బంతిని చూస్తూనే ఆ పటాన్ని కూడా ఒక కంట కనిపెడతాడు. గొట్టంలోంచి చూసేవాడు రెండూ చూడలేడు. తెరకు దగ్గరగా కూర్చోబెడితే అసలే చూడలేడు. గది చీకటిగా ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

అయినా చదువుకున్నవాడు గదా, రూఢి చేసుకోనిదే నమ్మలేదు. బుధవారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సద్ది తింటున్నప్పుడు, హన్మాండ్లు ఎదురుగా చూస్తూ ఏదో చెబుతుండగా, అతడి పళ్లెం అంచు నుంచి రాజమల్లు ఒక ఉల్లిగడ్డ ముక్క తీశాడు. హన్మాండ్లు కన్ను కదల్లేదు. ఇంకొంచెం మధ్యలోంచి ఇంకో ముక్క తీశాడు. అదీ తెలియలేదు. మూడోది తీయబోతే కన్ను కదిలింది. చూపు ఎక్కడిదాకా ఉందో రాజమల్లుకు లెక్క దొరికింది.

కొంతసేపటికి హన్మాండ్లు పళ్లెంలో వేళ్లతో వెతికాడు. "ఉల్లిగడ్డ నేనే తింటినా? యాదికే లేదు," అని నవ్వాడు.

రాజమల్లు కూడా నవ్వాడు.

* * *

శుక్రవారం అయిదింటికి దుకాణం కిటకిటలాడింది. బెంచీల మీద చోటు లేక పోరగాళ్లు కిటికీలెక్కి వెలుతురుకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్లందరి ముందు లింబయ్య కూర్చున్నాడు. గంజ్ మార్కెట్లో పసుపు కమీషను దుకాణం వాళ్ల కొడుకు. తను ఆడడు. ఓడినవాణ్ని ఏడిపించడమే అతడి ఆట.

హన్మాండ్లు ఉతికిన చొక్కా వేసుకుని, తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పుతూ లోపలికి వచ్చాడు. కోడిపుంజులా అలా తల తిప్పడం ఉస్తాద్ స్టైలని అక్కడి చిన్నవాళ్లు నమ్ముతారు. ఆడేటప్పుడు వాళ్లూ అలాగే తిప్పుతారు.

"ఏమయ్యా డిగ్రీ," అన్నాడు హన్మాండ్లు తమ్ముడి భుజం మీద చరిచి. "ఓడిపోతె ఏడ్వొద్దు మల్ల. బోధన్ల నా దుకాణం కాడికి రా, పుక్కట్ల ఆడిపిస్త."

"ముందుగాల గెలువు అన్న."

గెలుస్తూ వచ్చినవాడిది ఎడమ కుర్చీ. అది ఆ దుకాణం రివాజు. హన్మాండ్లు కూర్చుని జాయ్‌స్టిక్ అందుకోబోతే తీగ సాగలేదు.

"గిదేంది సేటు, గింత పొట్టిగున్నది?"

"ఎలుకలు కొరికినయ్ రా. కొత్తది హైద్రాబాద్‌కెల్లి రావాలె," అన్నాడు ఆత్మారాం కౌంటరు వెనక నుంచి. "జెర ముంగటికి జరుగు, ఏమైతది?"

హన్మాండ్లు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇంకా లాక్కున్నాడు. మోకాళ్లు టీవీ స్టాండుకు తగిలాయి.

"సేటు, లైటు తెర మీద పడ్తున్నది. తీసేద్దమా?" అన్నాడు రాజమల్లు.

హన్మాండ్లు తల మొత్తం తిప్పి తమ్ముడి వైపు చూశాడు. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. తమ్ముడు మరిచిపోయి అన్నాడనుకున్నాడో ఏమో, ఒక క్షణం ఆగి, "తియ్యుండ్రి. తమ్మికి ఎట్ల కావాలంటె గట్ల," అన్నాడు.

లైటు ఆరింది. ఆట షురూ అయింది.

మొదట హన్మాండ్లే గోలు కొట్టాడు. కొట్టనిచ్చాడు రాజమల్లు. కుడి మూల ఖాళీ చూసి హన్మాండ్లు అటు పొడుగ్గా బంతి వేశాడు. దాచిపెట్టినవాణ్ని రాజమల్లు కదిలించలేదు. ఒకసారి రుచి చూపిస్తేనే మళ్లీ వస్తాడు.

"ఉస్తాద్! ఉస్తాద్!" అని గది మోగింది.

ఆ గోలలోనే హన్మాండ్లు తమ్ముడి వైపు వంగి గొంతు తగ్గించాడు. "తమ్మి, కుడి పక్క ఖాళీ వెట్టినవ్. సూస్కో. మల్ల అనకు, అన్న చెప్పలేదని."

రాజమల్లు వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. శత్రువు లోపం శత్రువుకే చెప్పి సరిచేసుకోమనేవాణ్ని ఏమంటారు? పిచ్చివాడంటారు. అలా అనుకుంటే మనసు తేలికైంది.

"సరే అన్న," అన్నాడు. ఏమీ మార్చలేదు.

మళ్లీ బంతి ఆ మూలకే వచ్చింది. ఈసారి తెర అవతల నుంచి దాచినవాడు ఉరికొచ్చి బంతి లాక్కున్నాడు. హన్మాండ్లు మనుషులంతా గోలు కొట్టడానికి ముందుకొచ్చేసి ఉన్నారు, వెనక ఎవరూ లేరు. నాలుగు తన్నుల్లో బంతి అవతలి వలలో పడింది.

"ఎక్కడికెల్లి వచ్చిండురా వీడు?" అన్నాడు హన్మాండ్లు ఆశ్చర్యంగా, ఇంకా నవ్వుతూనే.

ఇంకోసారి అటే వేశాడు. ఇంకోసారి అదే అయింది. సగం ఆట ముగిసేసరికి రాజమల్లు రెండు, హన్మాండ్లు ఒకటి.

లింబయ్య బెంచీ మీద నుంచి ముందుకు వంగాడు. "అరె ఉస్తాద్, కింద పటంల చుక్క కనవడ్తలేదా? గాడు దాక్కొని కూసున్నడు గద! కిటికీల కూసున్న బుడ్డోనికి గూడ కనవడ్తున్నది."

"సూడలేదు లే," అన్నాడు హన్మాండ్లు. నవ్వు సగంలో ఆగింది.

రెండో సగంలో పటం చూడటం మొదలుపెట్టాడు. పటం చూడాలంటే తల దించాలి. దించితే బంతి మాయమవుతుంది. తల ఎత్తి బంతిని వెతికేలోపల బంతి రాజమల్లు మనిషి కాలి దగ్గర ఉంటుంది. దించుతాడు, ఎత్తుతాడు. దించుతాడు, ఎత్తుతాడు.

"నీళ్లు తాగే కోడి లెక్క చేస్తుండేందిరా!" అన్నాడు ఎవడో. గది గొల్లుమంది.

లింబయ్య మాత్రం నవ్వలేదు. ఏదో అనుమానం తగిలిన మొహంతో లేచి హన్మాండ్లు కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతడి చెవి పక్కన చెయ్యి ఆడించాడు. హన్మాండ్లు కన్ను తెర మీదే ఉంది. చెయ్యి కొంచెం ముందుకు తెచ్చి, చెంప పక్కన ఆడించాడు. రెప్ప పడలేదు. లింబయ్య వెనక్కి తిరిగి అందరికీ కన్ను గీటాడు.

ఆ తర్వాత ఆడింది ఫుట్‌బాల్ కాదు. ఒక్కొక్కడే చప్పుడు లేకుండా వచ్చి హన్మాండ్లు మొహం పక్కన నిలబడి నాలుక బయటపెట్టాడు. ఒకడు కొమ్ములు పెట్టాడు. ఒకడు చెంపకు బెత్తెడు దూరంలో ముద్దు పెడుతున్నట్టు మూతి చాచాడు. ఇప్పటిదాకా ఉస్తాద్ అని కేకలేసిన నోళ్లే, చొక్కాలు కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాయి. ఆ నవ్వు ఆట చూసి అనుకున్నాడు హన్మాండ్లు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇంక టైమున్నది," అన్నాడు వాళ్లతో, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇదంతా రాజమల్లు చూశాడు. అతడి చూపుకు ఏ అడ్డూ లేదు. ఆటను ఆపే బొత్తాం బొటనవేలి పక్కనే ఉంది. ఒక్కసారి నొక్కి, నీళ్లు తాగొస్తానన్నా చాలు, వాళ్లందరూ కూర్చుంటారు. బొటనవేలు ఆ బొత్తాం దాకా పోయింది కూడా. అప్పుడే బంతి కుడి మూలకు వచ్చింది. బొటనవేలు వెనక్కి వచ్చి దాచినవాణ్ని ఉరికించింది.

మూడు. కాసేపటికి నాలుగు.

నాలుగో గోలు పడ్డాక హన్మాండ్లు అలసటగా తల పక్కకు తిప్పాడు. అక్కడ లింబయ్య చెయ్యి ఉంది. ముక్కు ఆ అరచేతికి కొట్టుకుంది. హన్మాండ్లు అదిరిపడి జాయ్‌స్టిక్ వదిలేశాడు. ఆ చేతి వెనక ఒక మొహం, బయటికి చాచిన నాలుక. అటు తిప్పితే ఇంకో మొహం. గది అంతా ఒక్కసారి పగలబడింది.

"సేటు, నీ ఉస్తాద్‌కు కండ్లు లేవ్!" అని అరిచాడు లింబయ్య. "అరగంట సంది మొఖం మీద చేతులు తిప్పుతున్నం, గుర్రానికి గంతలు కట్టినట్టు కూసున్నడు!"

ఆత్మారాం లైటు వేశాడు. కౌంటరు దాటి వచ్చి అందరినీ వెనక్కి నెట్టాడు. ఆయనకు కోపం లేదు, జాలీ లేదు. సరుకు కొనేముందు తిప్పి చూసేవాడిలా చూశాడు.

"ఏంది హన్మాండ్లు? నిజమేనా?"

"ఏం లేదు సేటు." హన్మాండ్లు నుదురు నొక్కుకున్నాడు. "రాత్రి నిద్ర లేదు. తలనొస్తున్నది. గందుకే జెర..."

"బోధన్ల నలబై మంది పోరగాళ్లు అస్తరు. నీ పక్కకెల్లి సీడీలు ఎత్కపోతె నీకు కనవడాలె గద."

"కనవడ్తది సేటు. వట్టి తలనొప్పి. నమ్మకుంటె మా తమ్మిని అడుగు. ఇరవై నాలుగు గంటలు నాతోనే ఉంటడు." హన్మాండ్లు తల తిప్పి తమ్ముడిని వెతికి పట్టుకున్నాడు. ఆ మొహం మీద భయం పోయి ధీమా వచ్చింది. "చెప్పు తమ్మి. నా కండ్లకు ఏం లేదని చెప్పు."

ఆత్మారాం రాజమల్లు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు సదువుకున్నోనివి. తలనొప్పే అయితె ఈ ఆట లెక్కల పట్టను. రేపు పొద్దుగాల లైటేసుకొని మల్ల ఆడుండ్రి. ఏమంటవ్?"

రేపు పొద్దున. మంచి వెలుతురులో. పొడుగు తీగతో. మూల ఖాళీగా ఉండటం ఎందుకో ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కూడా.

నిజమే మాట్లాడాలని రాజమల్లుకు తండ్రి చెప్పాడు, బడిలో పంతుళ్లు చెప్పారు, డిగ్రీలో పాఠాలూ చెప్పాయి. ఊళ్లో ఎవరికి తగువొచ్చినా, భీమన్న కొడుకు అబద్ధమాడడు, వాణ్ని అడగండి అంటారు. ఆ పేరు అతడు కష్టపడి సంపాదించుకున్నది. ఆ సాయంత్రం ఆ పేరు చెడగొట్టుకోలేదు.

"తలనొప్పి కాదు సేటు," అన్నాడు. "డాక్టర్ చెప్పిండు. గొట్టంలకెల్లి సూసినట్టు కనవడ్తది అన్నకు. చీకట్ల అసలే కనవడది. ఇంక తక్వైతదట. మందు గూడ లేదట."

ఒక్కరూ నవ్వలేదు. లింబయ్య కూడా. అంత వివరంగా వింటామని ఎవరూ అనుకోలేదు.

 హన్మాండ్లు కాళ్ల దగ్గర పడిన జాయ్‌స్టిక్‌ను తడిమి పట్టుకుని, దాని తీగను వేళ్లతో మెల్లగా వెనక్కి, టీవీ దాకా తడుముకుంటూ పోయాడు. అతికించిన ముడి తగిలింది. పక్కనే రాజమల్లు కుర్చీ కింద పొడుగు తీగ చుట్టలు చుట్టుకుని పడి ఉంది. దాన్నీ తడిమాడు.

"నిన్న గిది అటు దిక్కుండె," అన్నాడు.

రాజమల్లు కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు.

"లైటు తియ్యమన్నది నువ్వే."

పొడుగు తీగను కింద వదిలేశాడు.

"ఉల్లిగడ్డ?" హన్మాండ్లు తల ఎత్తాడు. "ఉల్లిగడ్డ గూడ నువ్వేనారా?"

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. రాజమల్లు మెడ వంచుకున్నాడు. 

"అడిగితె ఇచ్చేటోణ్ని గద తమ్మి," అన్నాడు హన్మాండ్లు. ఉల్లిగడ్డ సంగతో, దుకాణం సంగతో తెలియలేదు. "మస్కట్ పోబుద్ధైతలేదు అన్నా, నువ్వు ఓడిపో అంటె, ఓడిపోతుంటి. ఇంత మంది ముంగట గిట్ల పందిని కొట్టినట్టు కొట్టుడెందుకురా?"

"అడిగితె ఇస్తువా?" రాజమల్లు గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఇచ్చినంక జీవితమంత యాది చేస్తువు. నేనిచ్చిన, నేనిచ్చిన అని. నీ దయ నాకొద్దు. నేను ఆడి గెలిచిన. ఆటల మోసం లేదు. నువ్వు నేర్పిందే ఆడిన."

ఆ ఆఖరి మాట అనకపోతే బాగుండేదని అన్నాక తెలిసింది.

హన్మాండ్లు లేచాడు. కుర్చీల మధ్య దారి కోసం తల అటూ ఇటూ తిప్పాడు. అలవాటు కొద్దీ ఒక చిన్నవాడు కూడా అలాగే తిప్పి, వెంటనే ఆగిపోయాడు. జనం రెండు పక్కలకూ జరిగి అవసరమైన దానికన్నా పెద్ద దారి ఇచ్చారు. గడప దగ్గర కాలు తట్టుకుని తలుపు పట్టుకున్నాడు. ఎవరూ పోయి చెయ్యి పట్టుకోలేదు. బయట ఎండ పోయింది. ఇంకా చీకటి పడలేదు. ఆ రోజుల్లో ఆరింటికి కరెంటు పోయేది, పోయేముందు గల్లీలో దుకాణాల వాళ్లు కిరోసిన్ దీపాలు తుడుచుకుంటున్నారు.

రాజమల్లు రెండు అడుగులు వేశాడు.

"అరె, యాడికి?" అని ఆత్మారాం తాళంచెవి గుత్తి అతడి చేతిలో పెట్టాడు. "కూసో. బోధన్ల ఎన్ని కుర్చీలు వట్టాలె, కరెంటు ఎట్ల, గివన్ని మాట్లాడాలె. నువ్వు పనికొస్తవయ్యా. నాకు గిసోంటోడే కావాలె."

బస్టాండు దూరం లేదు, తిన్నగా పోతే చాలు. దీపాలున్నాయి. మనుషులున్నారు. రోజూ పోయే దారే. చిన్నపిల్లవాడా ఏమన్నా? ఇలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాజమల్లు కూర్చున్నాడు. బోధన్ బస్టాండు ముందు జాగా అయితే పిల్లలు బాగా వస్తారని సేటుకు చెప్పాడు. మాట్లాడుతుండగానే కరెంటు పోయింది. మాటలు ఆగలేదు.

అతడు ఎడపల్లిలో బస్సు దిగేసరికి రోడ్డంతా చెరుకు లారీలు, బండ్లు బారులు తీరి ఉన్నాయి. లైట్లు లేని బండ్లు. ఎడ్ల కొమ్ములు మాత్రమే కనబడుతున్నాయి. బస్సులాగే స్టేజీ దగ్గర సత్తవ్వ నిలబడి ఉంది. హన్మాండ్లు తల్లి. రాజమల్లుకు పెద్దవ్వ. పొద్దంతా బీడీలు చుట్టి, పొద్దుగూకితే ఆమె ఇక్కడికి వచ్చి నిలబడుతుంది. కొడుకు కండ్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆట పిచ్చిలో పడి పిల్లలు అన్నం యాళ్లకు ఇంటికి రారని మాత్రమే ఆమె చింత. బస్సు తలుపు దగ్గర రాజమల్లు వెనక ఇంకొకడు దిగుతాడని చూసింది. ఎవరూ దిగలేదు. బస్సు కదిలింది.

"అన్న ఏడి కొడుకా?"

"రాలేదా పెద్దవ్వ?" అన్నాడు రాజమల్లు. "నాకంటె ముందుగాల్నే ఎల్లిండు. గంటన్నరాయె."

"రాలేదు. రెండు బస్సులు సూసిన." ఆమె కంగారు పడలేదు. "దోస్తులు దొరికిన్రేమో. నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్. జెర ఎనక్కి పోయి తోల్కరా బిడ్డా, బువ్వ సల్లగైతది."

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక లారీ అప్పుడే ఆగింది. డ్రైవరు దిగి, స్టేజీ దగ్గర నిలబడ్డ నలుగురినీ చూసి, ఈ ఊరోళ్లెవరైనా కోటగల్లికి ఆటలాడటానికి పోతారా అని అడిగాడు. ఎందుకని అడుగుతున్నావని ఒకతను అన్నాడు. డ్రైవరు తన లారీ వైపు చూసి, నిజామాబాద్ బస్టాండు దగ్గర చీకట్లో బండి కిందికి వచ్చినవాడు ఈ ఊరి పేరూ కోటగల్లి పేరూ చెప్పాడన్నాడు.

సత్తవ్వ ఆ మాట వినలేదు. చెవుల మీదుగా కొంగు కప్పుకుని, రాజమల్లు భుజం మీద చెయ్యి వేసి, చల్లని గాలికి ముందుకు ఒదిగి నిలబడింది. పాఠకులు ఈ కథలో ఇంకెవరిని మరిచినా, ఈ ఒక్క నిమిషంలో సత్తవ్వను గుర్తుపెట్టుకోవాలి. ఆ భుజాన్ని ఆమె అంత నమ్మకంగా పట్టుకుని నిలబడటం ఇదే ఆఖరు.